తీపి వైన్ పక్కన ఏం వడ్డించాలి? లేట్ హార్వెస్ట్ వైట్ వైన్‌కు సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల క్రితం మా మరిది ఫ్రాన్స్ నుంచి వస్తూ చిన్న సీసాలో సోటర్న్ వైన్ తెచ్చాడు. బంగారు రంగు, 375 మిల్లీలీటర్ల అర సీసా. తీపి వైన్ అన్నాడు కదా అని భోజనాలయ్యాక గులాబ్ జామూన్లు పెట్టి, పక్కన ఇది పోశాను. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "వదినా, ఇది పాడైనట్టుంది, పుల్లగా ఉంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పారబోయడానికి మనసొప్పక మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు సాయంత్రం ఉప్పు చల్లి నేతిలో వేయించిన జీడిపప్పు తింటూ అదే వైన్ మళ్లీ రుచి చూశాను. తేనె, ఎండు ఆప్రికాట్, నారింజ తొక్క, అన్నీ విడివిడిగా తెలిశాయి. వైన్ మారలేదు, పక్కనున్న తిండి మారింది.

ఆ తర్వాత ఎన్నో జతలు చేసి చూశాను. నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ వైన్‌ను మిఠాయిలా చూడకండి, బెల్లం వేసిన పులుసులా చూడండి. పులుసులో బెల్లం ఎంతున్నా చింతపండు దాన్ని పట్టి ఉంచుతుంది, ఉప్పూ కారం తోడవుతాయి. మంచి తీపి వైన్‌లో కూడా తీపిని నిలబెట్టేది పులుపే. ఏ వంటకంతో జత కలుస్తుందో, దేనితో కలవదో ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

మొదటి మెట్టు: ఆ తీపి ఎక్కడిదో తెలుసుకోండి

ద్రాక్ష పండగానే కోయకుండా ఇంకొన్ని వారాలు తీగ మీదే వదిలేస్తే పండులో చక్కెర పెరుగుతుంది, నీరు తగ్గుతుంది. ఆ రసాన్ని పులియబెట్టినప్పుడు ఈస్ట్ చక్కెరనంతా తినేయలేదు. కొన్నిచోట్ల తయారీదారే పులియడాన్ని మధ్యలో ఆపేస్తాడు. మిగిలిపోయిన ఆ చక్కెరే వైన్‌లో తీపి. పైనుంచి పంచదార కలపరు. లేట్ హార్వెస్ట్ అంటే ఇంతే, ఆలస్యంగా కోసిన ద్రాక్ష.

కొన్ని ప్రాంతాల్లో దీనికి బూజు తోడవుతుంది. బోట్రైటిస్ సినీరియా అనే శిలీంధ్రం తడి వాతావరణంలో పడితే ద్రాక్షను కుళ్లబెట్టేస్తుంది. పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ ఉన్నచోట మాత్రం అదే శిలీంధ్రం పండు తొక్కకు కంటికి కనపడనంత చిన్న రంధ్రాలు చేస్తుంది. నీరు ఆవిరైపోయి చక్కెర, పులుపు, పరిమళం చిక్కబడతాయి. ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి దక్షిణాన ఉన్న సోటర్న్ ప్రాంతంలో సిరోన్ అనే చల్లటి ఏరు వెచ్చటి గరోన్ నదిలో కలుస్తుంది. శరదృతువులో అక్కడ లేచే పొగమంచే ఈ బూజుకు ఆధారం. తోటంతా ఒక్కసారే బూజు పట్టదు కాబట్టి కూలీలు అదే తోటలోకి మళ్లీ మళ్లీ వెళ్లి, ముడుచుకున్న పళ్లనే ఏరి కోస్తారు. బోర్డో వైన్లకు 1855లో చేసిన వర్గీకరణలో సోటర్న్ వైన్లన్నిటి కంటే పైన, ఒంటరిగా ఒక మెట్టు దక్కించుకున్న షాతో దికెమ్ అనే వైన్ తోటలో ఒక తీగ నుంచి దాదాపు ఒక గ్లాసు వైనే వస్తుందని చెబుతారు. ధర ఎందుకంతో ఇక్కడే అర్థమవుతుంది.

హంగరీలోని టోకాయ్ ప్రాంతంలో కూడా బోద్రోగ్, తీసా నదుల మంచుతో ఇదే జరుగుతుంది. అక్కడ ముడుచుకున్న ద్రాక్షను ఒక్కొక్కటిగా ఏరి, రసంలోనో వైన్‌లోనో నానబెట్టి 'అసూ' అనే వైన్ చేస్తారు. జర్మనీలో దీని వెనక ఒక కథ చెప్పుకుంటారు. 1775లో ష్లాస్ యోహానిస్‌బర్గ్ తోటకు కోత అనుమతి తీసుకుని రావలసిన గుర్రపు రౌతు ఆలస్యంగా వచ్చాడట. అప్పటికే పళ్లు బూజు పట్టి ముడుచుకుపోయాయి. అయినా కోసి వైన్ చేస్తే అద్భుతంగా కుదిరింది. ఆ రౌతు విగ్రహం ఇప్పటికీ అక్కడ ఉంది. జర్మన్ సీసాల మీద కనిపించే 'ష్పేట్లేజ' అనే మాటకు అర్థం ఆలస్యపు కోత అనే.

మన దేశంలో నాసిక్‌లో సూలా సంస్థ శెనిన్ బ్లాంక్ ద్రాక్షతో ఒక లేట్ హార్వెస్ట్ వైన్ చేస్తోంది. సోటర్న్ కంటే తేలికగా, మామిడి, తేనె వాసనలతో ఉంటుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు దీంతో మొదలుపెట్టవచ్చు.

రెండో మెట్టు: సీసా మీద అంకెలు చదవండి

ఇక్కడ పొరపాటు పడితే తర్వాత చేసేదంతా వృథా. ముందుగా ఆల్కహాల్ శాతం చూడండి. రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో చేసిన జర్మన్ వైన్ మీద 7, 8 లేదా 9 శాతం అని ఉంటే చక్కెర చాలానే మిగిలి ఉందని అర్థం, ఎందుకంటే ఈస్ట్ దాన్ని ఆల్కహాల్‌గా మార్చలేదు. అదే ష్పేట్లేజ మీద 12 దాటి ఉండి, పక్కన 'ట్రోకెన్' అనే మాట కనిపిస్తే అది తీపి లేని వైన్. ట్రోకెన్ అంటే పొడి అని అర్థం. ఈ మాట గమనించక కొనుక్కుని నిరాశపడ్డవాళ్లు నాకు తెలుసు.

సోటర్న్‌కు ఈ లెక్క సరిపోదు. అది తీపిగానూ ఉంటుంది, 13, 14 శాతం ఆల్కహాల్‌తోనూ ఉంటుంది. ద్రాక్షలో చక్కెర అంత ఎక్కువ అన్నమాట. సాధారణంగా లీటరుకు 120 నుంచి 150 గ్రాముల చక్కెర మిగులుతుంది. టోకాయ్ అసూకు ఇప్పటి నిబంధనల ప్రకారం కనీసం 120 గ్రాములు ఉండాలి. ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతపు వైన్ల మీద 'వాండాంజ్ తార్దివ్' అని ఉంటే అదీ ఆలస్యపు కోతే. వీటిలో కొన్ని బాగా తీపిగా, కొన్ని మధ్యస్తంగా ఉంటాయి కాబట్టి కొట్టువాణ్ని అడిగి తీసుకోవడం మంచిది.

మధుమేహం ఉన్నవాళ్ల కోసం ఒక లెక్క. లీటరుకు 120 గ్రాములంటే 60 మిల్లీలీటర్ల గ్లాసులో 7 గ్రాముల పైచిలుకు, దాదాపు రెండు టీస్పూన్ల పంచదార. ఇంటికి వచ్చినవాళ్లకు ఇది ముందే చెప్పండి. తాగనివాళ్లను బలవంతపెట్టకండి.

మూడో మెట్టు: మూడు సాసర్ల పరీక్ష

వంటకాల పేర్లు చెప్పే ముందు ఈ పరీక్ష చేయమని అడుగుతాను. పావుగంట పని. నిజానికి దీని తర్వాత మిగతా వ్యాసం చదవకపోయినా మీరే జతలు కట్టగలరు.

మూడు సాసర్లు తీసుకోండి. ఒకదాంట్లో బెల్లం ముక్క, ఒకదాంట్లో నిమ్మకాయ చెక్క, ఒకదాంట్లో ఉప్పు చల్లి నేతిలో వేయించిన జీడిపప్పు. గ్లాసులో రెండు గుక్కలకు సరిపడా చల్లని వైన్. ముందు వైన్‌ను ఒట్టిగా రుచి చూసి, తీపి ఎంత, మింగాక నాలుక పక్కల నీళ్లూరించే పులుపు ఎంత, నోట్లో నీళ్లలా పలచగా ఉందా, పాకంలా జారుతోందా, ఈ మూడు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు బెల్లం కొరికి వైన్ తాగండి. తీపి మాయమై పులుపు మాత్రమే తెలుస్తుంది. నాలుక బెల్లం తీపికి అలవాటు పడిపోయింది, దాని ముందు వైన్ తీపి ఆనదు. గులాబ్ జామూన్ల రోజున మా ఇంట్లో జరిగింది ఇదే. కాసిని నీళ్లు తాగి, నిమ్మ చెక్క నాకి మళ్లీ వైన్ తాగండి. ఈసారి వైన్ పులుపు తగ్గినట్టు, తీపి పెరిగినట్టు ఉంటుంది. పులుపు తక్కువున్న వైనైతే చప్పగా, జిగటగా కూడా అనిపించవచ్చు. చివరికి జీడిపప్పు. ఉప్పు వైన్‌లోని పండు వాసనను పైకి తెస్తుంది, కొవ్వును వైన్ పులుపు కడిగేస్తుంది. నోరు మళ్లీ జీడిపప్పు అడుగుతుంది, జీడిపప్పు మళ్లీ వైన్ అడుగుతుంది.

ఇకమీదట ఏ వంటకాన్నైనా ఇలాగే చూడండి. ముద్ద, గుక్క, మళ్లీ ముద్ద. రెండో ముద్ద మొదటిదానికంటే రుచిగా ఉంటే జత కుదిరినట్టే.

నాలుగో మెట్టు: ఉప్పు, కొవ్వు ఉన్నవాటితో మొదలుపెట్టండి

ఈ వైన్ పుట్టినచోట దాన్ని ఎక్కువగా తాగేది ఇలాంటి వాటితోనే. సోటర్న్ పక్కన రోక్‌ఫోర్ చీజ్ ఫ్రాన్స్‌లో పేరున్న జత. రోక్‌ఫోర్ గొర్రెపాలతో చేసి, నీలి బూజు పట్టించి, గుహల్లో మగ్గబెట్టే చీజ్. ఒట్టిగా తింటే ఉప్పు నాలుకను కోస్తున్నట్టు ఉంటుంది. తీపి వైన్ గుక్కతో ఆ ఉప్పు మెత్తబడి పాల కమ్మదనం బయటికొస్తుంది. పచ్చి మామిడికి ఉప్పూ కారం అద్దితే ఏమవుతుందో ఇక్కడా అదే సూత్రం, ఒకటి ఇంకొకదాని గొంతు పెంచుతుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు రోక్‌ఫోర్ తేలిగ్గా దొరుకుతుంది. లేకపోతే ఏ బ్లూ చీజ్ అయినా పని చేస్తుంది. ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే బయటికి తీసి, ఒక్కొక్కరికీ రెండు వేళ్ల వెడల్పు ముక్క పెడితే చాలు. పక్కన కాల్చిన బ్రెడ్, రెండు అక్రోట్లు, బేరిపండు ముక్క ఉంచండి.

ఆల్సాస్‌లో ఆలస్యంగా కోసిన గెవుర్జ్‌ట్రామినర్ ద్రాక్ష వైన్‌తో మున్‌స్టర్ చీజ్ తింటారు. ఆ చీజ్ వాసన ఘాటు, కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. దానిమీద జీలకర్ర జాతి గింజలు చల్లుకుంటారు. గులాబీ, లీచీ వాసనలున్న ఆ వైన్ ఘాటుకు సరిసమానంగా నిలబడుతుంది. మెత్తని వాసన ఉన్న వైన్‌ను ఘాటైన చీజ్ ముందు పెట్టకండి, అది వినపడకుండా పోతుంది.

బోర్డో వైపు సోటర్న్‌ను కాల్చిన కోడితో కూడా తాగుతారు. మొదట విన్నప్పుడు నాకు నమ్మకం కలగలేదు. చేసి చూశాక ఇదే నాకు ఇష్టమైన జత అయింది. కోడిని వెన్న, ఉప్పు, మిరియాలు, కాసిని వెల్లుల్లి రెబ్బలతో ఓవెన్‌లో కాల్చండి. చర్మం ఎర్రగా, ఉప్పగా, కరకరలాడుతూ రావాలి. గిన్నె అడుగున మిగిలే నెయ్యిలాంటి రసంలో ఒక చెంచా వైన్ కలిపి మాంసం మీద పోయండి. కారం పొడి, గరం మసాలా వేయకండి, ఇక్కడ మిరియం చాలు.

మన వంటింట్లో ఈ కోవకు చెందేవి చాలానే ఉన్నాయి. వెన్న, మిరియాలతో వేయించిన రొయ్యలు. కొబ్బరిపాలు పోసి కారం తగ్గించి వండిన రొయ్యల కూర. కొబ్బరిపాలకు సహజంగానే కాస్త తీపి ఉంటుంది కాబట్టి శెనిన్ బ్లాంక్‌తో బాగా కలుస్తుంది. శాకాహారులకైతే నేతిలో ఎర్రగా వేయించి ఉప్పు, మిరియాలు చల్లిన పనీర్, వెన్న జంతికలు, ఉప్పు వేరుశనగలు. వెన్న జంతికలకు శెనిన్ బ్లాంక్ పోసి చూడండి. ఖరీదైన చీజ్ పెట్టలేకపోయామే అన్న బెంగ ఉండదు.

ఐదో మెట్టు: కారంతో జాగ్రత్త

తీపి కారాన్ని చల్లబరుస్తుంది. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది. సీసాలో రెండూ ఉన్నాయి కాబట్టి ఏది గెలుస్తుందో ఆల్కహాల్ శాతమే తేలుస్తుంది. 8 శాతం జర్మన్ రీస్లింగ్ ష్పేట్లేజ కారపు కూరతో హాయిగా ఉంటుంది. 14 శాతం సోటర్న్ అదే కూరతో నాలుకను ఇంకా మండిస్తుంది. పైగా ఆప్రికాట్, తేనె వాసనలన్నీ కారం కింద నలిగిపోతాయి. అంత ఖర్చుపెట్టి కొన్న సీసాను ఆంధ్రా కోడి వేపుడు పక్కన పెట్టకండి.

రీస్లింగ్‌కు ఇంకో బలం దాని పులుపు. గోంగూర మాంసం లాంటి పుల్లటి కూరల ముందు చాలా వైన్లు చప్పబడిపోతాయని నిమ్మ చెక్క పరీక్షలో చూశారుగా. ష్పేట్లేజ నిలబడుతుంది. ఎండుమిరపకాయలు సగం చేసి వండితే గోంగూర పులుపు, వైన్ పులుపు చెట్టాపట్టాలేసుకుని నడుస్తాయి. చింతపండు చేపల పులుసుకూ ఇదే వైన్ నా మొదటి ఎంపిక. ఆవకాయతో మాత్రం ఏ వైనూ వద్దు. ఆవపిండి ఘాటు, పచ్చినూనె వాసన ముందు వైన్ మిగలదు. ఆవకాయకు అన్నం, నెయ్యి చాలు.

ఆరో మెట్టు: తీపి వంటకాలు

నియమం ఒక్కటే. వంటకం తీపి వైన్ తీపి కంటే తక్కువగా ఉండాలి. గులాబ్ జామూన్ పాకంలో దాదాపు సగం పంచదారే. సోటర్న్‌లో ఉండేది లీటరుకు నూటయాభై గ్రాముల లోపే. ఇక పోటీ ఎక్కడిది? జిలేబీ, కాజా, మైసూర్ పాక్, పూతరేకులు కూడా ఈ లెక్కలో దాటిపోతాయి. అవి కాఫీతో బాగుంటాయి.

నెగ్గేవి పాలు, గుడ్లు, పళ్లతో చేసి పంచదార తగ్గించినవి. ఫ్రెంచివాళ్లు క్రెమ్ బ్రూలే, ఆపిల్ టార్ట్, ఆప్రికాట్ టార్ట్ పెడతారు. మన దగ్గర వాటికి సాటి వచ్చేది జున్ను. జున్నుపాలలో బెల్లం మామూలుగా వేసేదాంట్లో సగమే వేసి, మిరియాల పొడి, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించండి. చల్లారాక కోసి, పక్కన సోటర్న్ లేదా నాసిక్ శెనిన్ బ్లాంక్ పోయండి. జున్ను మెత్తదనాన్ని వైన్ పులుపు కోస్తుంది, మిరియం వైన్ చివర్లో మెరుస్తుంది.

అన్నిటికంటే నేను ఎక్కువ ఆలోచించింది హైదరాబాద్ ఖుబానీ కా మీఠా గురించి. బోట్రైటిస్ పట్టిన ద్రాక్షతో చేసిన వైన్‌లో ముందుగా గుర్తుపట్టే వాసన ఎండు ఆప్రికాట్‌దే. ఖుబానీ అంటే అదే పండు. ఇంతకంటే దగ్గరి చుట్టాలు ఇంకెవరుంటారు? కానీ పెళ్లిళ్లలో పెట్టే ఖుబానీ కా మీఠా చాలా తీపి, వైన్‌ను మింగేస్తుంది. నేను చేసే పద్ధతి ఇది: పావుకిలో ఎండు ఖుబానీలను రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, నానిన నీళ్లతోనే సన్నమంట మీద మెత్తబడేదాకా ఉడికిస్తాను. పంచదార ఒక్క చెంచా, అదీ పండు మరీ పుల్లగా ఉంటేనే. చివర్లో కాసింత నిమ్మరసం పిండుతాను. గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లడం మానకండి. తీపి లేని మీగడ ధారాళంగా వేయండి. దీనికి టోకాయ్ అసూ దొరికితే అంతకంటే అదృష్టం లేదు, ఎందుకంటే ఆ వైన్ పులుపు సోటర్న్ కంటే పదునుగా ఉంటుంది. ఖుబానీ, మీగడ, వైన్ మూడూ నోట్లో కలిసినప్పుడు ఎక్కడ పండు ఆగిందో ఎక్కడ వైన్ మొదలైందో చెప్పలేం.

మామిడిపండ్ల కాలంలో బాగా మగ్గిన బంగినపల్లి తీపి ఎక్కువ. ఇంకా కాస్త పులుపు ఉన్న పండును ఎంచుకుని ముక్కలు కోసి చిటికెడు ఉప్పు చల్లండి. చాక్లెట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. నల్ల చాక్లెట్ చేదు ఈ తెల్ల వైన్లను అణిచేస్తుంది. దానికి పోర్ట్ లాంటి ఎర్ర తీపి వైన్ సరైనది.

ఏడో మెట్టు: పోయడం, వరస, మిగిలింది దాచడం

వేడెక్కిన తీపి వైన్ దగ్గు మందులా బరువుగా అనిపిస్తుంది. మరీ గడ్డకట్టే చల్లదనంలో వాసన రాదు. 8 నుంచి 10 డిగ్రీల సెంటీగ్రేడ్ సరైన చల్లదనం. ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచి, పోయడానికి పది నిమిషాల ముందు బయట పెట్టండి. మే నెల ఎండల్లో ఆ పది నిమిషాలు కూడా వద్దు, గ్లాసులోనే వేడెక్కిపోతుంది. చిన్న గ్లాసు అని చెప్పి మరీ ఉగ్గుగిన్నె అంత తీసుకోకండి. ముక్కు దూరేంత మూతి ఉండాలి, సగం మాత్రమే నిండాలి. మనిషికి 60 మిల్లీలీటర్లు చాలు. అలా అర సీసా ఆరుగురికి వస్తుంది.

భోజనంలో తీపి వైన్ తర్వాత తీపి లేని వైన్ పోస్తే రెండోది ఒట్టి పులుపుగా తోస్తుంది. అందుకని వేరే వైన్లు కూడా ఉంటే వాటిని ముందు ముగించండి. ఒక్క సీసాతో మొత్తం సాయంత్రం నడపాలంటే నేను ఇలా చేస్తాను: ముందు జీడిపప్పు, జంతికలతో ఒక గుక్క, తర్వాత మిరియాల కోడి లేదా పనీర్‌తో అర గ్లాసు, కాసేపు మాటలు, చివర్లో జున్ను గానీ ఖుబానీ గానీ.

మిగిలితే బిరడా గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. చక్కెర, పులుపు కాపాడతాయి కాబట్టి వారం రోజులు బాగానే ఉంటుంది. నేనైతే మూడో రోజు మధ్యాహ్నం ఒక చిన్న గ్లాసు పోసుకుని, పక్కన ఏమీ పెట్టుకోకుండా, కిటికీ దగ్గర కూర్చుని తాగుతాను. అప్పటికి గాలి తగిలి ఆప్రికాట్ వాసన మొదటి రోజుకంటే విప్పారి ఉంటుంది.